నాలుగు మరియానితోలు

"గోర్కా, ఏది ఎవరిదిరా?"

అన్నాడు అన్సెల్మో. ఎదురుగా ట్రేలో నాలుగు చిన్న గ్లాసులు. నాలుగింట్లోనూ అదే ఎరుపు, అదే ఐసు ముక్క, అదే నారింజ చెక్క, అదే ఒక్క ఆలివ్ కాయ.

"నిమ్మకాయలు అయిపోయాయి బాబాయ్. అన్నిటికీ నారింజే వేసేశా," అన్నాడు గోర్కా చెమట తుడుచుకుంటూ. "ఆదివారం మధ్యాహ్నం. బిల్బావో ఊరంతా మా బారులోనే ఉంది. ఎవరిదో మీరే తేల్చుకోండి."

తేల్చుకోవడం ఎలా? మరియానితో అంటే వెర్మూత్ అనే ఎర్రటి ద్రాక్షసారా, కాస్త జిన్ను, కాస్త చేదు మద్యం. కానీ ఈ బల్ల దగ్గర నలుగురిదీ తలో రకం. చొమిన్‌కి జిన్ను రెట్టింపు. కోల్డోకి చేదు ఎక్కువ. ఇమనోల్‌కి పైన సోడా చిమ్మాలి. అన్సెల్మోకి నిమ్మతొక్క. గోర్కా భార్య మిరెన్ కౌంటరు వెనక కలిపి, ఎవరి గ్లాసుకి వాళ్ళ గుర్తు పెట్టించి పంపుతుంది.

నిమ్మతొక్క ఉన్న గ్లాసులో ఉండేది వెర్మూత్ కాదు. ఉత్త ద్రాక్షరసం. మూడు నెలలుగా అంతే. "ఈ గుండె మాత్రలు మింగుతూ ఒక్క గ్లాసు తాగినా, మళ్ళీ నా దగ్గరికి రావలసిన పని ఉండదు," అన్నాడు డాక్టరు. ఆ సంగతి బారులో తెలిసింది మిరెన్ ఒక్కర్తికే.

మిగతావాళ్ళకి తెలిస్తే? పక్క వీధిలో ఉండే పాచి అనేవాడు ఒక్కసారి ద్రాక్షరసం అడిగినందుకు చొమిన్ అతని చేతిలో పాలపీక పెట్టాడు, నిండు బారులో. పాచి మళ్ళీ ఈ గుమ్మం తొక్కలేదు.

"గోర్కా, ఇవి తీసుకెళ్ళి మళ్ళీ కలిపించు," అన్నాడు అన్సెల్మో.

"మళ్ళీనా? ఆ జనాన్ని చూడు బాబాయ్!" గోర్కా అప్పటికే జనంలో కలిసిపోయాడు.

అన్సెల్మో మెడ సాచి మిరెన్ కోసం చూశాడు. ఆమె ఆమ్లెట్ కోస్తోంది. ఆయన కళ్ళతోనే ట్రే చూపించాడు. ఆమె ఒకసారి చూసి, తాగమన్నట్టు చెయ్యి ఊపి, మళ్ళీ కత్తి అందుకుంది.

అర్థం కాలేదు ఆమెకి!

"తీసుకోరా కోల్డో," అన్నాడు చొమిన్.

"ముందు నువ్వు తీసుకో. పెద్దవాడివి."

"నీకంటే పది రోజులేగా! ఇమనోల్, నువ్వు కానీ."

"నాకేం తొందర?"

"ఏం, పోప్ గారొచ్చి దీవించాలా?" అని గద్దించాడు చొమిన్. గద్దించి, కిటికీలోంచి వీధి చూస్తూ కూర్చున్నాడు.

అన్సెల్మో ఒక గ్లాసు దగ్గరికి లాక్కుని వాసన చూశాడు. నారింజ. పక్కది చూశాడు. నారింజే. నాలుగింట్లో ఒకటి రసం, మూడు విషం.

"ఏంట్రా ఆ మూచూడ్డం?" అన్నాడు ఇమనోల్. "వంట్లో బాలేదా?"

ముగ్గురూ ఒక్కసారి ఆయన వైపు తిరిగారు. అన్సెల్మోకి పాలపీక కళ్ళముందు ఆడింది.

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను!" చేతికందిన గ్లాసు ఎత్తాడు. మిగతా ముగ్గురూ తలొకటీ అందుకున్నారు. కళ్ళలో కళ్ళు పెట్టి, మొదటి గుక్కలోనే సగం ఖాళీ చెయ్యాలి. నలుగురూ షిప్పుయార్డులో పనిచేసిన రోజుల నుంచి అదే వాళ్ళ కట్టుబాటు.

"తోపా!" అని నలుగురూ చీర్స్ కొట్టుకున్నారు.

గ్లాసులు మోగాయి. అన్సెల్మో మనసులో భార్యకి క్షమాపణ చెప్పుకుని గుక్క మింగాడు.

తియ్యగా ఉంది. ద్రాక్షరసం!

"అబ్బ! గొంతు మండిపోయింది!" చొమిన్ బల్ల మీద గుద్దాడు. "ఇవాళ జిన్ను గుమ్మరించింది మిరెన్."

"నాకు చేదు నషాళానికంటింది," అన్నాడు కోల్డో. ఇమనోల్ మాట రానట్టు కళ్ళు తుడుచుకున్నాడు.

అన్సెల్మో మెల్లగా లేచాడు. కౌంటరు మీదికి వంగి గుసగుసలాడాడు.

"చచ్చి బతికాను తల్లీ! నాలుగింట్లో నా గ్లాసు నా చేతికే వచ్చింది. ఏం అదృష్టమో!"

మిరెన్ కత్తి కింద పెట్టి, ఆ బల్ల వైపు ఓరగా చూసి, గొంతు తగ్గించింది.

"అదృష్టమేం కాదు బాబాయ్. ఆ ముగ్గురూ నీకంటే ముందే ఒక్కొక్కరుగా వచ్చి నా చెవిలో ఈ ద్రాక్షరసమే అడిగారు. నువ్వూ మానేశాక, మూడు నెలలుగా ఆ బల్ల మీదికి వెర్మూత్ చుక్క వెళ్ళలేదు."