జానెడు లోతున చౌడు

గుంటలోకి దిగి, మూడు లెక్కపెట్టేలోగా నేల కులగోత్రాలు చెప్పేయగల మొనగాడు కజక్ మైదానాల్లో నేల పటాలు గీసే జుమాబెక్ ఒక్కడే. మూడు అన్నాను గానీ, ఆ వేళ ముప్పై దాటినా అతని నోరు పెగల్లేదు.

గుంట నడుము లోతుంది. గోడను కత్తితో నున్నగా చెక్కి, సీసాలోని మందు పైమట్టి మీద రెండు చుక్కలు వేశాడు. మట్టి కొత్త పెళ్ళికూతురి బుగ్గలా గులాబీ రంగుకు తిరిగింది. చౌడు మట్టికే ఆ సిగ్గు. కానీ మాచిపత్రి ఇంత ఏపుగా మొలిచిన పైమట్టిలోకి చౌడు ఎలా వచ్చింది?

గట్టు మీద గొర్రెల కాపరి ముసలి తులెగెన్ గొంతుక్కూర్చుని, ఏమీ ఎరగనట్టు ఆకాశం చూస్తున్నాడు.

"ఏమంటోంది నేల?" అన్నాడు.

"సబ్బు వాసనొస్తోంది బాబాయ్."

"నేలకి సబ్బు వాసనేమిట్రా?"

"నేనూ అదే అడుగుతున్నా. పిన్ని సబ్బు వండే బూడిద నీళ్ళు ఎన్ని బిందెలు పోశావు?"

తులెగెన్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "నాలుగు. ఐదోది ఒంటె తన్నేసింది."

జుమాబెక్ పగలబడి నవ్వాడు. ముసలాయన నవ్వలేదు.

"నీకేం, నవ్వుతావు. బీళ్ళన్నీ దున్నేయమని పైనుంచి హుకుం వచ్చింది. నువ్వు మంచి నేలని రాసిన చోటికల్లా ట్రాక్టర్లొస్తాయి. చలికాలం మంచు పల్చగా పడేది ఈ బీట్లోనే. గొర్రెలు గిట్టలతో గోక్కుని ఇంత మాచిపత్రి తిని బతుకుతాయి. ఇది పోతే మంద పోతుంది. మంద పోయాక నేనెవర్నిరా?"

జుమాబెక్ జానెడు కిందికి చెక్కాడు. అక్కడ బంకమట్టి, పక్కపక్కనే నిలబెట్టిన బొటనవేళ్ళలా, గుండ్రటి తలలతో గట్టిగా ఉంది. దాని మీద చుక్క వేశాడు. ఈసారి రంగు ఇంకా చిక్కగా వచ్చింది.

"ఇక్కడిదాకా నీ బూడిద నీళ్ళు దిగలేదుగా?"

"లేదు."

"మరి ఇది నేల సొంత చౌడు. పైన జానెడు మట్టి మంచిది, కింద ఇది. దున్నితే ఇదంతా పైకొస్తుంది. నాలుగేళ్ళకి గడ్డిపరక మొలవదు. నిజమే నీ పక్షాన ఉంటే అబద్ధం మోసుకొచ్చావేంటి బాబాయ్?"

తులెగెన్ ఆ గులాబీ మచ్చ కేసి వేలు చూపించాడు.

"ఈ మాటే కాగితం మీద రాస్తావా?"

"రాస్తాను."

"అలా కాదు. రొట్టె పట్టుకుని చెప్పు."

గుడారంలో తులెగెన్ భార్య కులాష్ రొట్టె తెచ్చి అతని చేతిలో పెట్టింది. జుమాబెక్ కళ్ళకద్దుకుని ఒట్టేశాడు. ఆ మధ్యాహ్నమే గొర్రెను కోశారు. తల ఉడికించి, పెద్దలకు పెట్టాల్సిన ఆ తలను ముసలాయన తన చేత్తో కుర్రాడి ముందు పెట్టాడు.

"నాలుగు బిందెలు మోసి నా నడుం పడిపోయింది. అవి లేకపోయినా పనయ్యేదట," అంది కులాష్. "ఆ తలలో సగం నాకు రావాలి."

వారం తర్వాత జుమాబెక్ కొత్త సాగు క్షేత్రం డైరెక్టరు ముందు నిలబడ్డాడు. ఆయన పేరు తరాస్ ఇగ్నాతొవిచ్. మనిషి కోపిష్టి కాడు, అదే చిక్కు.

"కూర్చో నాయనా. చాయ్ తాగు. నాకు నాలుగు వేల హెక్టార్లు తక్కువొచ్చాయి. ఆ ముసలాడి బీడు సరిగ్గా నాలుగు వేలు."

"అది చౌడండి. జానెడు లోతులోనే ఉంది."

"జానెడు కింద ఏముందో ఎవడు చూడొచ్చాడు?"

"దున్నితే అందరూ చూస్తారు."

"అప్పటికి నువ్విక్కడ ఉండవుగా," అన్నాడు డైరెక్టరు, చక్కెర ముక్క అతని ముందుకు జరుపుతూ. "రాజధానిలో నీకు పరిశోధన ఉద్యోగం సిద్ధంగా ఉందట. నా సంతకం ఒక్కటే తరువాయట. పటం పూర్తిచేసి పట్రా, రెండూ కలిపి చూద్దాం."

జుమాబెక్ బల్ల మీద పటం పరిచాడు. దున్నే నేలకు గోధుమ రంగు పెన్సిల్, చౌడుకు ఊదా పెన్సిల్. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. చాలాసేపు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. చివరికి ఊదా పెన్సిల్ తీసి, బీడంతా నింపేశాడు.

ఏప్రిల్‌లో మంచు కరిగీ కరగకముందే ట్రాక్టర్లు వచ్చాయి. ఒకటీ రెండూ కాదు, తొమ్మిది. తిన్నగా బీడు కేసే వస్తున్నాయి.

తులెగెన్ గుర్రం దిగి, కళ్ళెం వదిలేశాడు.

"రొట్టె కళ్ళకద్దుకున్నాడే," అన్నాడు భార్యతో. "నా చేత్తో వాడికి తల పెట్టాను."

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడు," అంది కులాష్. "మనం పోసిన బూడిద వాడి నోట్లో పోయాల్సింది."

"వాణ్ణనకు. వాడి తండ్రి పోతే పాడె మోసింది నేను. నన్నను. గుంటలో మట్టిని చూడ్డం నేర్చుకున్నాను గానీ, గుంటలో దిగినవాణ్ణి చూడ్డం రాలేదు."

ముందున్న ట్రాక్టరు బీడు సరిహద్దున పాతిన గుంజ దగ్గర ఆగింది. డ్రైవరు దిగి, పటం విప్పి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇక్కడ ఊదా రంగుంది. ఇది చౌడు," అని వెనకవాళ్ళకు కేకేశాడు. "తిప్పండి వెనక్కి."

తొమ్మిదీ తిరిగాయి. వాటి పొగ కనుమరుగయ్యేదాకా నిలబడ్డ తులెగెన్ మెల్లగా నేల మీద కూలబడ్డాడు.

"బిడ్డ మాట నిలబెట్టుకున్నాడు," అన్నాడు. "వాణ్ణి అనుమానించిన ఈ నోరు ఏ సబ్బుతో కడుక్కోనే?"

ఇందులో నేను కల్పించింది ఒక్క రంగే. ట్రాక్టర్లు వెనక్కి తిరగడం, ముసలాయన చివరి మాటా ఆ రంగు వెంట వచ్చినవే. మిగతాదంతా జరిగిందే.

బల్ల మీద పటం పరిచిన ఆ రోజు నేను తీసుకున్నది గోధుమ రంగు పెన్సిల్.