నోరు చూడని బేరం

"రోగి ఏడి?" అంది డాక్టర్ బూరుల్, సూక్ష్మదర్శిని మీంచి తల ఎత్తకుండానే.

"నరీన్ ఊళ్లో ఉన్నాడక్కా. వాడికేం తెలీదు. నేను వాడి అన్నని, సగిన్‌ని. రోగి మా తమ్ముడు మెలిస్."

వచ్చినాయన గుర్రాల వ్యాపారి. మొన్న తెల్లవారగానే బయల్దేరి, మంచు కనుమ దాటి రాజధాని బిష్కెక్ చేరాడు. మెడకు ఊలు మఫ్లరు, ఒళ్లో ఖాళీ చిన్న పెట్టె. అందులో తెచ్చిన రెండు గాజుపలకలు, ఒక మైనపు దిమ్మ వచ్చిన రోజే ల్యాబులో ఇచ్చాడు. దిమ్మలో ఉన్నది రోగి మెడ గడ్డలోంచి తీసిన ముక్క. ఈ దేశంలో రోగి కన్నా ముందు గాజుపలకలే పెద్దాసుపత్రికి వస్తాయి. మోసుకొచ్చేది బంధువులు.

"పెట్టె అతని కంట పడలేదు కదా?"

"పరుపుల దొంతర మధ్య దాచిపెట్టాం."

"ఏమని చెప్పారు?"

"చలికి కట్టిన గడ్డ అని. గొర్రె కొవ్వు కాచి రాస్తే కరిగిపోతుందని."

"నమ్మాడా?"

"వాడిదీ గుర్రాల బేరమే. అబద్ధం చెప్పేవాడు చూపు ఎప్పుడు తిప్పుకుంటాడో వాడికి తెలుసు. నమ్మినట్టే ఉంటున్నాడు."

బూరుల్ అల్యూమినియం కెటిల్లోంచి టీ పోసింది. ఆయన గిన్నె అందుకుని పెదవుల దాకా తెచ్చి, మళ్లీ బల్ల మీద పెట్టాడు.

"అన్నీ చెప్పండక్కా. దాపరికం వద్దు."

"బంధువులకు దాచను. రోగికైతే ఇందులో సగం కూడా చెప్పను. గోడ వైపు తిరిగి పడుకుంటారు, తిండి మానేస్తారు. ఎంతమందిని చూశాను!" ఆమె కుర్చీ ఇటు తిప్పింది. "ఇది క్యాన్సరే. అయితే మెడలో పుట్టింది కాదు. ఎక్కడో పుట్టి అక్కడికి చేరింది. నీ భాషలో చెప్పాలంటే, తప్పిపోయిన గుర్రం దొరికింది. అది ఏ మందదో తెలియలేదు."

"నరీన్‌లో అంతా వెతికారు. నోట్లో లేదన్నారు. ముక్కులో లేదు. ఊపిరితిత్తుల్లో లేదు."

"నాస్ పొగాకు పెడతాడా నాలుక కింద?"

"ఇరవై ఏళ్లుగా. అక్కడా పుండు లేదు."

"రంగు వేసి చూశాను. ముద్ర కొంచెం తెలిసింది. టాన్సిల్‌లోనో, నాలుక మొదట్లోనో ఉండాలి. మిరియపు గింజంత ఉండొచ్చు. చెవిపోటు ఉందా?"

"ఎడమ చెవిలో. మింగినప్పుడల్లా."

"బాగా గమనించావు." ఆమె రాసుకుంది.

"దొరక్కపోతే?"

"గొంతు మొత్తం కరెంటు పెట్టి కాల్చాలి. ఉమ్మి ఎండిపోతుంది. రొట్టెముక్క దిగదు. అంత చేసినా, ఆ గింజ మిగిలిపోలేదని చెప్పలేను."

ఆయన టోపీ తీసి పెట్టె మీద పెట్టుకున్నాడు.

"దొరికితే?"

"కోసేస్తాను. కరెంటు కొంచెం చాలు. బతుకుతాడని చెప్పే ధైర్యం ఈ రోజు నాకుంది. ఇంకో మూడు నెలలు పోతే ఉండదు."

"ఈ గాజుపలకల్లోనే వెతకరాదా అక్కా? మళ్లీ చూడండి. ఇంకో రంగు వేయండి. ఇంకో..."

"భలేవాడివయ్యా! నోరు తెరిచి పళ్లు చూడకుండా నువ్వు ఎప్పుడైనా గుర్రాన్ని కొన్నావా? తోక వెంట్రుక తెచ్చి వయసు చెప్పమంటే నవ్వవూ? తీసుకురా అతన్ని. మత్తిచ్చి గొంతులోకి గొట్టం దించి నేనే చూస్తాను."

"తెస్తే మీరు వాడితో మాట మారుస్తారు. చలిగడ్డే, భయం లేదు, పోయి పడుకో అంటారు."

"అంటాను. అందరం అదే అంటాం."

"అక్కడే వస్తోంది చిక్కు. వాడికి అబద్ధం చెబితే ఊపిరాడదు. ఇంట్లో అందరూ నవ్వుతుంటే, తనొక్కడే చీకట్లో తడుముకుంటున్నట్టు ఉంటుంది. నాకు చెప్పినట్టే వాడికీ చెబుతారా? ఒక్క ముక్క తగ్గకుండా?"

బూరుల్ కలం కింద పెట్టింది.

"సరే. చెబుతాను."

"అలా కాదు. సంతలో చేసినట్టు చేయండి."

ఆయన కుడిచెయ్యి చాపాడు. నరీన్ సంతలో చెయ్యి కలిపి మూడుసార్లు ఊపితే బేరం తెగినట్టే. ఆ తర్వాత గుర్రం గుడ్డిదని తేలినా మాట తిరగదు.

"ముసలి డాక్టరుతో బేరమా!" అని నవ్వుతూనే ఆమె చెయ్యి కలిపింది. ఒకటి, రెండు, మూడు.

"తెగింది," అంది. "ఇప్పుడు చెప్పు, మెలిస్‌ని ఎప్పుడు తెస్తావు?"

"పెట్టె వాడి కంట పడిందక్కా," అంటూ ఆయన లేచి తలుపు గడియ పెట్టాడు.

మెడకు బిగించి చుట్టుకున్న ఊలు మఫ్లరు విప్పి పక్కన పెట్టి, మెలిస్ రోగుల కుర్చీలో కూర్చుని నోరు తెరిచాడు.