ఊరికే వచ్చే సరుకు

"ఊరికే ఇస్తే ఫినాయిలైనా తాగేస్తారమ్మా మన జనం," అన్నాడు జగ్గారావు, కుర్చీలోంచి కదలకుండానే.

రేవతి కౌంటరు ఇవతల నిలబడే ఉంది. తాటిపాకలో జాకెట్లు కుట్టుకునే మనిషి. ఫొటోలు దిద్దడం నేర్చుకోవాలట. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ సరిపోతుందా, నెలనెలా డబ్బు కట్టేది కొనాలా అని అడగడానికి రాజోలులో జగ్గారావు స్టూడియోకి వచ్చింది. జగ్గారావుకి నవ్వాగలేదు. మిషను తొక్కే మనిషికి మౌసు పట్టాలని బుద్ధి పుట్టింది! కస్టమరు మొహం చూసే అలవాటు ఆయనకి మొదట్నుంచీ లేదు. చేతిలో ఏం తెచ్చారో చూస్తాడు, అంతే.

"ఒక్క ఫొటో కోసమేనండీ," అంటూ రేవతి సంచీలోంచి ఒకటి తీసి బల్లమీద పెట్టింది.

ఓణీల ఫంక్షన్ ఫొటో. మధ్యలో పిల్ల, ఒక పక్క రేవతి, రెండో పక్క కోటు వేసుకున్న మొగుడు.

"అప్పుడు మా ఆయన దోహాలో ఉన్నారండీ. పాస్‌పోర్టు ఫొటోలోంచి ఆయన్ని తీసి, ఇందులో కలిపి..."

"కలిపేవా!" జగ్గారావు ఫొటో లాక్కున్నాడు. "ఫోన్లో ఏదో ఉచితం యాప్ ఎక్కించేసుకుని, ఎడాపెడా గీకెయ్యడమేనా? చూడు, తల గుమ్మడికాయంత, మెడ బెండకాయంత. కాళ్లు నేలకి ఆనేయా? ఇది మనిషా, దండేనికి ఆరేసిన కోటా?"

"ఆయ్."

"మీ ఇద్దరికీ వెలుతురు ఎడమనుంచి పడితే, ఈయనకి కుడినుంచి. ఈ ఒక్కడికీ వేరే సూర్యుడా?"

"ఆయ్ అండీ."

ఎదుటివాడు ఆయ్ అంటే నేరం ఒప్పుకున్నట్టేనని జగ్గారావు లెక్క. అందుకే ఇంకాస్త రెచ్చిపోయాడు.

"ఆ మొహానికి సున్నం ఎందుకు కొట్టినట్టు?"

రేవతి ఈసారి ఆయ్ అనలేదు.

"మా ఆయన నలుపేనండీ. పోయినేడు అక్కడే పోయేరు. ముగ్గురం కలిసున్నది ఈ ఒక్క ఫొటోనే. పదో తారీకున సంవత్సరీకం. మా అమ్మాయి దీనికి దండ వెయ్యనంటోందండీ. మా నాన్న కాదు, ఇదెవరో అంటోంది. ఆయన రంగు ఆయనకి వచ్చేస్తే చాలండీ."

జాలిపడాల్సిన చోట జగ్గారావు పెదవి విరిచాడు. కొందరి గుండె అంతే, కొబ్బరిచిప్పలా ఉంటుంది, లోపల కొబ్బరుండదు.

"వెయ్యదు మరి. నీ కూతురికైనా కళ్లున్నాయి. విను. డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్ అంటే ఏనుగు. ఉచితంది ఎలక. నేను పన్నెండేళ్లుగా ఏనుగెక్కే తిరుగుతున్నాను. ఉచితం దాన్ని ఈ స్టూడియో గడప తొక్కనివ్వలేదు."

"పన్నెండేళ్లాండీ?"

"ఒక్క నెల తప్పకుండా! ఉచితంతో చేస్తే ఇలాంటి దిష్టిబొమ్మలే వస్తాయి."

రేవతి ఫొటోకేసి వేలు చూపించింది. "ఈ తప్పు సాఫ్ట్‌వేర్‌దాండీ, చేసినవాళ్లదాండీ?"

"రెంటిదీ! చేతిలో పనితనం లేనోడికి ఏదిచ్చినా ఇంతే. నన్నడిగితే, ఇది చేసిన చేతులకి మౌసు కాదు, పార ఇవ్వాలి. కాలవ పూడిక తీసుకుంటాయి."

"ఆయ్. మరి నేర్చుకుంటే ఉచితం దాంట్లో రంగూ, నీడా దిద్దడానికి ఉంటుందా అండీ?"

"ఉంటుంది," అన్నాడు జగ్గారావు, నోరుజారి. వెంటనే సర్దుకున్నాడు. "ఉంటే మాత్రం? నీవల్ల అవుతుందా? ఇక్కడ పెట్టి వెళ్లు, నేను చేసిపెడతాను. పని అంటే ఏంటో అప్పుడు తెలుస్తుంది."

రేవతి ఫొటో తీసి, పైటచెంగుతో తుడిచి, సంచీలో పెట్టుకుంది.

"వద్దండీ. నాకు ఉచితందే చాలు. నేర్చుకుంటాను."

జగ్గారావు మండిపడ్డాడు. "ఇంతసేపూ చెవిటివాడి ముందు శంఖం ఊదేనా? మళ్లీ ఆ ఉచితం సరుకుతోనే తగలడతావా?"

"ఇది ఉచితం దాంట్లో చేసింది కాదండీ. డబ్బు కట్టిన దాంట్లోదేనండీ."

"డబ్బు కట్టిన దాంట్లో ఇంత దరిద్రమా? ఎవడా వెధవ?"

రేవతి మెట్టు దిగబోతూ మర్యాదగా ఆగింది.

"తమరేనండీ."