శేషయ్య అంగట్లో మరబొమ్మ

ఇట్లా దగ్గరికి జరగండి, ఇది గట్టిగా చెప్పే మాట కాదు.

ప్రొద్దుటూరు శేషయ్య చీరల అంగట్లో ఒక కట్టుబాటు ఉండేది. పనిచేసే ఆడవాళ్లు కూచోకూడదు. అమ్మే మనిషి కూచుంటే బేరం కూలబడుతుందని వాళ్ల తాత చెప్పిపోయాడట. అందుకే గల్లాపెట్టె దగ్గర నుంచి శేషయ్య చూసేది ఎవరి ముఖాలనూ కాదు, కాళ్లనే.

అందరిలోకీ పాతమనిషి జైబున్నీసా. నిలబడీ నిలబడీ ఆమె పాదాలు బూరెల్లా పొంగాయి. ఒక్క స్టూలు అడిగింది.

"నిలబడలేకపోతే ఇంటికాడుండు జైబున్నీసా. పండగ బేరాలకు ఇంకొకరిని చూసుకుంటాలే," అన్నాడు.

జమ్మలమడుగు ఆసుపత్రిలో చూపించుకుని వస్తానని, అందాకా తన చోటు తీసెయ్యొద్దని బతిమాలుకుని ఆమె వెళ్లింది.

అదే శేషయ్య సాయంత్రమైతే టీవీ ముందు తువ్వాలు తడిపేవాడు. సీరియల్లో మంజరి అని ఒక మరబొమ్మ. అచ్చం మనిషే. ఆ ఇంట్లోవాళ్లు దానిచేత గొడ్డుచాకిరీ చేయించి, కుర్చీ కూడా వేయరు. మర అయితే మాత్రం దాని ప్రాణం ఉసూరుమనదా అని ఆయన తిట్టే తిట్లకు భార్య రాజేశ్వరమ్మ చెవులు మూసుకునేది.

ఒకనాడు ఆమే అంది. "పులివెందల్లో మా తమ్ముడు అట్లాంటిదే ఒకటి చేసినాడంట. అంగట్లో పెడితే జనం ఇరగబడరూ?"

శేషయ్య ఎగిరి గంతేశాడు.

మర్నాడే బామ్మర్ది భానుప్రకాష్ దాన్ని ఆటోలో దించాడు. వెండిరంగు ముఖం, నల్లద్దాలు, చేతులకూ కాళ్లకూ తొడుగులు, పైన పట్టుచీర. మెడ టకటకా తిప్పుతుంది. గొంతు దగ్గరున్న డబ్బాలోంచి గరగరమంటూ మాట్లాడుతుంది.

"మద్యాన్నం చార్జింగు పెట్టాల బావా. గది తలుపు మూసే పెట్టాల. లేకుంటే కాలిపోతాది."

బ్యాటరీని రాజేశ్వరమ్మే రోజూ సంచిలో పెట్టుకుని తెచ్చేది.

ఊరు ఊరంతా వచ్చి పడింది. ఎర్రగుంట్ల నుంచి కూడా బస్సుల్లో దిగారు. ఎవరికి ఏ అంచు నచ్చుతుందో మరబొమ్మ చూడగానే చెప్పేసేది. శేషయ్య మురిసి ముక్కలయ్యాడు. "ఆ మెదడు సూడప్పా. మనుషులకు యాడొస్తాది?" అని వచ్చినవాళ్లకల్లా చెప్పాడు.

ఒకరోజు బేరం జోరుమీదుండగా అది పని ఆపేసింది.

"కుర్చీ... కావాలి..."

వచ్చినవాళ్లంతా సీరియల్ చూసేవాళ్లే. ఒకటే గోల. "మంజరిని ఏడిపించినట్టు దీన్నీ ఏడిపిస్తాండావా శేషయ్యా?" అని ఒక పెద్దావిడ ముఖం మీదే అడిగింది. ఆయనకు కళ్లు చెమర్చాయి. పరుగున పోయి తన మెత్తటి కుర్చీయే తెచ్చి వేశాడు. మరబొమ్మ కూచుంది, కాళ్లు చాపుకుంది. బేరం కూలబడలేదు సరికదా, చీర మీద చీర లేచిపోయింది.

ఆనక అది మెడ తిప్పి, వెనక నిలబడ్డ ఆడవాళ్లను చూసింది.

"వాళ్లకూ... కుర్చీ... లేకుంటే... చార్జింగు... ఎక్కదు..."

సాయంత్రానికల్లా కౌంటరు వెనక వరసగా కుర్చీలు పడ్డాయి.

పండగ అయిపోగానే మరబొమ్మ రిపేరుకని పులివెందుల పోయింది. ఆ మర్నాడే జైబున్నీసా జమ్మలమడుగు నుంచి వచ్చి తన కుర్చీలో కూచుంది. శేషయ్య అలవాటు కొద్దీ కాళ్లకేసి చూసి, "వాపు శానా తగ్గిందే, మంచి డాక్టరే," అన్నాడు.

ఈ కథ గుర్తుపెట్టుకుని పదిమందికీ చెప్పండి గానీ, జైబున్నీసా చెవి వెనక ఇంకా వదలని వెండిరంగు సంగతి, దాన్ని రోజూ పొద్దున్నే తన చేత్తో పూసింది రాజేశ్వరమ్మేనన్న సంగతి మాత్రం శేషయ్య దాకా పోనీయకండి.