డ్రైవర్ నవ్వలేదు

బొగ్గుల కుంపటి రాజేయడానికి పెరూసి ఆ రోజు పేపరే చింపింది.

అందులో కూతురు నబ్బోసా ఫొటో ఉంది.

ఇంట్లో పాత పేపర్లు ఇంత కట్ట ఉండగా ఇదే దొరికిందా అని నబ్బోసా గొడవ పెట్టుకుంది. చేతికి అందింది తీశానంది పెరూసి. కళ్లద్దాలు లేక చూసుకోలేదని కూడా అంది. కళ్లద్దాలు ముక్కు మీదే ఉన్నాయి.

"నిజం చెప్పమ్మా. కావాలనే కాల్చావు కదూ?"

"కాలితే ఇంకోటి కొనుక్కో," అంది పెరూసి, విసనకర్ర ఆపకుండా. "నీ మొహం ఊరందరికీ ఎందుకే తెలియడం?"

ఆఫ్రికా మొత్తం మీద ఆ ఏటి కథల బహుమతికి చివరి వడపోతలో మిగిలిన ఐదుగురిలో నబ్బోసా ఒకతె. వచ్చే నెల లండన్‌లో విందు. గెలిస్తే పుస్తకం వేస్తారు.

కథ సొంత తాతది. సైన్యం రాజ్యమేలిన రోజుల్లో, బడిపంతులైన యోకానాను లారీ ఎక్కించుకుని పోయారు. శవం కూడా ఇంటికి రాలేదు. శవం లేనిదే కర్మ చేయనివ్వనని నానమ్మ నలభై ఏళ్లకు పైగా మొండికేసింది. వంశంలో పెద్దలు వచ్చి నచ్చజెప్పినప్పుడల్లా ఆమెది ఒకటే మాట: ముందు మనిషిని చూపించండి.

కథ చివర లారీ డ్రైవర్ అద్దంలోంచి పంతులుగారిని చూసి నవ్వుతాడు. మొదట రాసినప్పుడు ఆ నవ్వు లేదు. ముగింపు చప్పగా ఉందని లండన్ పత్రిక సంపాదకురాలు అంటే నబ్బోసా చేర్చింది. బహుమతి వాళ్లను కదిలించింది ఆ నవ్వేనని పేపర్లో రాశారు.

ఆ మధ్యాహ్నమే ముకోనోలోని వాళ్ల ఇంటి గేటు దగ్గరికి ఒక ముసలాయన వచ్చాడు.

టోపీ, వెలిసిన కోటు, తెరిపి ఇవ్వని దగ్గు. లారీ కథ రాసిన అమ్మాయి ఇల్లు ఇదేనా అని అడిగాడు.

కాదంది పెరూసి.

"పెద్దావిడ బతికే ఉందా తల్లీ?"

అలాంటివాళ్లు ఎవరూ లేరని పెరూసి గేటు వేసేసింది.

ఆయన వెళ్లలేదు. ఎదురుగా మోటారు సైకిళ్ల స్టాండు దగ్గర బల్ల మీద కూర్చున్నాడు, పొద్దుగూకే దాకా గేటునే చూస్తూ.

మర్నాడూ అంతే.

భర్త పోయాక ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురు ఆడవాళ్లే. అత్తగారిని వరండాలో కూర్చోనివ్వడం మానేసింది పెరూసి. పోటీలోంచి కథ వెనక్కి తీసుకోమని కూతుర్ని బతిమాలింది. నబ్బోసా వినలేదు. ఇలా అందరూ భయపడబట్టే తాత పేరెత్తే దిక్కు లేకపోయిందని అంది.

మూడో రోజు పెరూసే గేటు తీసి, ఏం కావాలని నిలదీసింది.

"పెద్దావిడకే చెప్పాలి. ఇంకొకరికి చెప్పే మాట కాదు."

"అయితే మీరు వెళ్లొచ్చు."

ఆయన టోపీ తీశాడు.

"మీ పిల్ల బాగా రాసింది తల్లీ. కానీ డ్రైవర్ నవ్వలేదు."

ఆ లారీలో ఉన్నవాళ్లకు తప్ప ఆ సంగతి ఎవరికి తెలుస్తుంది?

పెరూసి వార్డు ఛైర్మన్ ఇంటికి పరిగెత్తింది. ఆయన నలుగుర్ని పంపాడు. చేయి చేసుకోలేదని, భుజం పట్టుకుని బస్సెక్కించామని వాళ్లు తర్వాత చెప్పారు. ముసలాయన అన్న మాట పెరూసి ఇంట్లో చెప్పలేదు.

ఆయన మళ్లీ రాలేదు.

ఆయన్ని పంపేసిన పన్నెండో రోజు ఆదివారం. ముగ్గురూ చాప మీద మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నారు. ఆకుల్లో ఉడికించిన అరటికాయ ముద్ద, వేరుశనగ పులుసు. రేడియోలో చావు కబుర్లు చదువుతున్నారు: ఎవరు పోయారో, ఎవరెవరికి కబురు అందాలో, పేర్లతో సహా. ఆ కాసేపూ నానమ్మ పక్కన ఎవరూ నోరు మెదపకూడదు.

కయుంగా దగ్గరి పల్లెలో లమెకా ములిండ్వా అనే పెద్దాయన పోయాడు. కబురు అందవలసినవాళ్లు కంపాలాలో కొడుకు, జింజాలో చెల్లెలు, ముకోనోలో యోకానా పంతులుగారి భార్య.

నానమ్మ చేయి కంచంలో ఆగిపోయింది.

"వాళ్ల చుట్టాల్లో నన్నెందుకు కలిపారే?"

పెరూసి తల వంచుకుని గేటు దగ్గర జరిగిందంతా చెప్పింది. నవ్వలేదన్న మాట కూడా చెప్పింది.

నబ్బోసా లేచి రేడియో వాళ్లకు ఫోన్ చేసి, కబురు పంపిన ఆయన కూతురి నంబరు తీసుకుంది. పెరట్లో నిలబడి చాలాసేపు విన్నది. లోపలికి వచ్చి నానమ్మ చెవిలో చెప్పింది.

నానమ్మ ఏడవలేదు. చేయి కడుక్కుంది.

"వంశంలో పెద్దల్ని పిలవండి," అంది. "శవం దొరకని వాళ్లకు చేసినట్టే, అరటి బోదె పాతిపెట్టి కర్మ కానిద్దాం. ఆ రాత్రి ఒక్కడే వెనక్కి వెళ్లి మీ తాతకు గుంట తవ్వి మట్టి చేసింది ఆ డ్రైవరేనట. ఏటేటా వెళ్లి గడ్డి పీకి వస్తూ, ఆ చోటు ముందు నాకే చెప్పాలని కన్నకూతురికి కూడా చెప్పకుండా ఉంచాడట."