పైనున్న మనిషికి తాడు

మురుగు ట్యాంకులోకి దిగే ముందు నత్త తన వదినను స్తంభానికి కట్టేస్తాడు.

ఆమె నడుముకు బెల్టు, బెల్టుకు తాడు, తాడు రెండో కొస ఇనుప స్తంభానికి. ముడిని లాగి చూస్తాడు. నమ్మకం కుదరక మళ్ళీ లాగి చూస్తాడు. మ్యాన్‌హోల్ మీద నిలబెట్టిన గిలక పిడి దాకా ఆమె చెయ్యి అందుతుంది. అంతకు మించి ఒక్క అడుగు కూడా ముందుకు సాగదు.

తోళ్ళ ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాళ్ళు ఇది చూసి పగలబడి నవ్వుతారు. దిగేవాడికి తాడు కట్టడం ఎక్కడైనా ఉన్నదే, పైన కూర్చున్న మనిషికి కూడా కడతారా అని. పాతవాళ్ళు మాత్రం నవ్వరు, తల పక్కకు తిప్పుకుంటారు.

నత్త అనే పేరు ఫ్యాక్టరీ పెట్టిందే. అతని పనంతా అలాగే ఉంటుంది మరి. విషవాయువును పసిగట్టే మీటరుకు దారం కట్టి ముందు పైగాలి, తర్వాత నడిమిగాలి, చివరికి అడుగున ఉన్న గాలి చూస్తాడు. గాలి కొట్టే బ్లోయరు గొట్టం అడుగు దాకా వదిలి, లోపలి గాలంతా మారేదాకా గట్టు మీద కదలకుండా కూర్చుంటాడు. సూపర్‌వైజరు పళ్ళు నూరినా లేవడు.

అతని అన్న పోయింది ఈ ట్యాంకులోనే. ఆ రోజు పనిలో ఉన్నది అన్నదమ్ములిద్దరే. ఒకరు పైన కాపలా, ఒకరు లోపల. ఇద్దరిలో మిగిలింది ఒక్కడు. అన్న ఉద్యోగం వదినకిచ్చారు. అలా ఆమె ఈ గట్టు మీదికి వచ్చింది. ఈ ట్యాంకు తన ఇంట్లోంచి ఇంకొకరిని మింగితే ఇక తను బతకలేనని నత్తకు తెలుసు. వద్దు మొర్రో అని మొత్తుకున్నాడు. ఆమె వినలేదు. అందుకే తాడు తెచ్చాడు.

ఆ ఉదయం కొత్త సేఫ్టీ ఆఫీసరు వచ్చి చూశాడు.

"ఈ కట్టెయ్యడం ఏంటయ్యా?"

"అలవాటండీ," అన్నాడు నత్త.

"గొడ్డును కట్టేసినట్టు కట్టేస్తాడు సార్. మేత వెయ్యడం ఒక్కటే తక్కువ," అంది వదిన.

నత్త నవ్వలేదు. తన నడుముకు గిలక తాడు తగిలించుకుని, మ్యాన్‌హోల్ అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి వేశాడు.

"వదినా, నేను పిలిచినా సరే, పిలవకపోయినా సరే..."

"దిగను. గిలక తిప్పుతాను. ఎన్నిసార్లు చెప్పిస్తావయ్యా?"

లోపల మోకాలి లోతు మడ్డి. కుళ్ళిన కోడిగుడ్ల కంపు. నత్త పారతో మడ్డిని బకెట్లోకి ఎత్తడం మొదలుపెట్టాడు.

కాసేపటికి వెనకాల నిచ్చెన మీద బూట్ల చప్పుడు వినిపించింది. ట్యాంకులోకి దిగినప్పుడల్లా వినిపించేదే. మెట్లు దాటేస్తూ, ఆదరాబాదరాగా దిగే చప్పుడు. అది అన్న అడుగేనని అతనికి తెలుసు. ఎప్పుడూ వెనక్కి తిరిగి చూడడు. ఎవరూ ఉండరన్నది ఒక భయం, ఉంటారేమోనన్నది ఇంకో భయం.

ఉన్నట్టుండి బ్లోయరు ఆగిపోయింది.

అతను పార వదిలేసి నిచ్చెన వైపు తిరిగాడు. కాలి కింద మడ్డి బుడబుడమంది. ఛాతీ మీది మీటరు కీచుమని అరిచింది. అంతలో కంపు మాయమైంది. "కంపు పోయిందని సంబరపడకురా, గాలి బాగుపడి కాదు, ముక్కు చచ్చిపోయి," అని అన్న చెబుతుండేవాడు. మోకాళ్ళు లొంగిపోయాయి. చెయ్యి మొదటి మెట్టును తాకి జారిపోయింది.

పైన వదిన కేక పెట్టింది. బూట్ల చప్పుడు మళ్ళీ మొదలైంది. ఈసారి మరీ దగ్గరగా.

"దిగొద్దు!" అని అరిచాననుకున్నాడు. నోరు పెగల్లేదు. దిగొద్దు, నీ కాళ్ళు పట్టుకుంటాను, దిగొద్దు.

నడుము దగ్గర ఒక్క కుదుపు. కాళ్ళు మడ్డిలోంచి ఊడి పైకి లేచాయి.

కళ్ళు తెరిచేసరికి ముందు ఆకాశం కనిపించింది, తర్వాత వదిన ముఖం. ఆమె అరచేతులు గిలక పిడికి ఒరుసుకుపోయి చర్మం లేచి ఉన్నాయి. ఆమె నడుముకున్న తాడు ఎంత బలంగా గుంజుకుపోయిందంటే స్తంభం దగ్గరి ముడి బిగుసుకుపోయింది. బ్లోయరు వైరు చూడ్డానికి పోయి పరుగున తిరిగొచ్చిన ఆఫీసరు ఆ ముడితో కుస్తీ పడుతున్నాడు.

"దూరం నుంచి చూశానయ్యా," అన్నాడు రొప్పుతూ. "నువ్వు పడిపోగానే ఈవిడ ముందు మ్యాన్‌హోల్ మీదికే దూకబోయింది. తాడు వెనక్కి లాగి పట్టింది. ఆ తర్వాతే గిలక అందుకుంది."

"మాటిచ్చావు కదా వదినా," అన్నాడు నత్త.

"ఇచ్చాను. నువ్వు కళ్ళ ముందు పడిపోతుంటే మాట గుర్తుంటుందా?" అని ఆమె తువ్వాలుతో అతని ముఖం మీది మడ్డి తుడిచింది.

ముడి విప్పి ఆఫీసరు గట్టు మీద కూలబడ్డాడు.

"మీ అన్న సంగతి ఆఫీసులో విన్నాను," అన్నాడు. "పాపం, ఆయన లోపల పడిపోతే, పైన నిలబడి చూస్తూ ఉండిపోయావన్నమాట. పగవాడికి కూడా వద్దయ్యా ఆ బాధ."

నత్త తల దించుకున్నాడు. మెల్లగా చెయ్యి చాపి, వదిన నడుముకు ఇంకా వేలాడుతున్న తాడు కొసను గుప్పిట్లో పట్టుకున్నాడు.

వదిన ఆ చేతి మీద తన చెయ్యి వేసి అంది. "ఆ రోజు లోపల పడిపోయింది ఇతనే సార్, పైనున్న మా ఆయన ఉండబట్టలేక దిగి, కేకలు విని జనం వచ్చి పైకి లాగేలోపు ఉన్న ఒక్క తాడూ తమ్ముడి నడుముకు కట్టేశాడు."