పరాయివాడి సమాధి

"మామ్మా, యాకుప్ వాళ్ల మనుషులు దొరికారు!"

తిల్డె సమాధుల తోట గేటు దగ్గర్నుంచే కేకేసింది. వెనకాల అస్గెర్ సైకిలు తోసుకుంటూ, నవ్వు ఆపుకోలేక ఆపుకుంటూ వస్తున్నాడు.

కలుపు తీస్తున్న బోడిల్ చెయ్యి అలాగే ఆగిపోయింది.

తొమ్మిదో తరగతికి ఆ ఏడు ప్రాజెక్టు అది. పుస్తకంలో చదివింది చాలు, ఊళ్లోకెళ్లి నేర్చుకోండన్నాడు లాసె మాస్టారు. ఇక్కడ సమాధికి ఇరవయ్యేళ్లు గడువు. ఎవరూ వచ్చి పొడిగించకపోతే రాయి తీసేసి ఆ చోటు ఇంకొకరికిస్తారు. అలా దిక్కులేకుండా పోబోతున్న రాళ్లను పిల్లలు ఇద్దరేసి ఒకటి చొప్పున పంచుకున్నారు. పోయినవాళ్ల బంధువుల్ని వెతకాలి, వాళ్ల కథ రాయాలి, వసంతంలో చర్చి హాల్లో ఊరందరికీ చూపించాలి.

తిల్డె, అస్గెర్ మాత్రం పట్టుబట్టి గడువు తీరని రాయి తీసుకున్నారు. ముప్పై ఒక్కేళ్ల కిందట రేవులో జారిపడి చనిపోయిన ఫారో దీవుల నావికుడిది. పేరు యాకుప్. నా అన్నవాళ్లు లేరని ఊరే పూడ్చిపెట్టింది. అలాంటి పరాయివాడి సమాధిని, చుట్టమూ పక్కమూ కాని బోడిల్ ఇన్నేళ్లుగా కంటికి రెప్పలా చూసుకుంటోంది. గడువు కూడా తనే పదేళ్ల చొప్పున రెండుసార్లు పొడిగించింది. ఇంతకన్నా మంచి కథ ఏ రాయి కింద దొరుకుతుంది?

బోడిల్ అంటే ఊరందరికీ జాలి. ఆమె మొగుడు వెర్నర్ ఈ తోటలోనే పనిచేసేవాడు. తాగొచ్చి ఆమెను గొడ్డును బాదినట్టు బాదేవాడు. ఒకరోజు చెప్పాపెట్టకుండా ఓడెక్కి నార్వే పోయాడు. పీడ విరగడైందనుకున్నారంతా. పాపం ఒంటరిది, దిక్కులేని సమాధి చూసుకుంటూ మనసు మళ్లించుకుంటోందనీ అనుకున్నారు.

"ఎవరే దొరికింది?" అంది బోడిల్ నెమ్మదిగా.

"చెల్లెలు! సున్నెవా అని, ఎనభై రెండేళ్లావిడ. అన్న ఏమైపోయాడో ఇన్నాళ్లూ తెలీదట. ఫోన్లో ఒకటే ఏడుపు మామ్మా! ఆయన్ని వాళ్ల ఊరు తీసుకెళ్తుందట. చర్చి వాళ్లు అనుమతి కాగితం కూడా ఇచ్చేశారు. గురువారం తవ్వుతారు."

బోడిల్ మట్టి చేతులతోనే లేచి నిలబడింది.

"తవ్వడమేమిటే? హాయిగా పడుకున్నవాణ్ని! అయినా ఇన్నేళ్లకు ఇంకేం మిగిలుంటుంది, నా మొహం!"

"అన్నీ ఉంటాయట మామ్మా," అన్నాడు అస్గెర్. "గోతులు తవ్వే ఫ్రోడెని అడిగాం. ఇక్కడిది ఇసుక నేలట. ఎముక చెక్కు చెదరదట."

మర్నాడు బోడిల్ బడికి వెళ్లింది. పిల్లలతో ఈ చావుల గోలేమిటి, ఆపించండి బాబూ అని లాసె మాస్టార్ని బతిమాలింది. ఆయన ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

"బోడిల్ గారూ, ఒక అన్నని ఇల్లు చేరుస్తున్నారండీ మన పిల్లలు! ఇందులో సగం పుణ్యం మీదే."

బోడిల్ వచ్చినదారినే తిరిగొచ్చింది.

సాయంత్రం తిల్డె వచ్చింది. ఏలకుల బన్ను తుంచింది గానీ నోట్లో పెట్టుకోలేదు.

"మామ్మా, ఒకటడుగుతాను, కోప్పడకూడదు. నువ్వు యాకుప్‌ని ప్రేమించావా?"

బోడిల్ కిటికీ వైపు తిరిగింది. తర్వాత తలూపింది.

"నాకున్నది ఆ ఒక్క రాయే తల్లీ. దాని జోలికి రావద్దని చెప్పు. నీకు పుణ్యముంటుంది."

తిల్డె ఏడ్చేసింది. ఆమెను గట్టిగా వాటేసుకుని, నేను చూసుకుంటాగా అని మాటిచ్చి పరుగెత్తింది. ఆ రాత్రి బోడిల్‌కు కాస్త కన్ను మూతపడింది.

బుధవారం పొద్దున్నే తలుపు బాదింది ఆ పిల్ల. మొహం వెలిగిపోతోంది.

"సున్నెవా గారికి అంతా చెప్పేశాను మామ్మా! ఆవిడ ఎంత సంబరపడిందనుకున్నావ్! వదినా వదినా అంటోంది నిన్ను. నీకు కూడా అక్కడే, ఆయన పక్కనే చోటిస్తుందట! ఇక ఒక్క ఎముక కూడా వదలొద్దు, ఇసుకంతా జల్లెడ పట్టండి అంది."

గురువారం సన్నటి వాన. తరగతి మొత్తం వచ్చింది. లాసె మాస్టారు నల్లకోటు వేసుకొచ్చాడు. గొయ్యి చుట్టూ గుడ్డ అడ్డం కట్టారు. బోడిల్‌కు ఒకవైపు తిల్డె, ఒకవైపు అస్గెర్ నిలబడి చేతులు పట్టుకున్నారు. మామ్మ చేతులు మంచుముక్కల్లా ఉన్నాయని పిల్లలు తమ కోటు జేబుల్లో పెట్టుకున్నారు.

శవపేటిక చెక్కలు ముక్కలుగా పైకొచ్చాయి. తర్వాత యాకుప్ వచ్చాడు, ఎముక తర్వాత ఎముక. ఫ్రోడె ఒక్కొక్కటీ తుడిచి చిన్న పెట్టెలో సర్దాడు.

"అంతా వచ్చేసినట్టే," అన్నాడు నడుం మీద చెయ్యేసుకుని.

బోడిల్ ఒకడుగు ముందుకేసింది. "ఇంక పూడ్చెయ్యి నాయనా, వాన ముదురుతోంది."

"ఒక్క నిమిషం పిన్నీ. పెద్దావిడకు మాటిచ్చాం గదా, ఇంకో మూరెడు లోతు తవ్వి జల్లెడ పడతాను. మా మనసుకీ తృప్తిగా ఉంటుంది."

"వద్దురా!"

ఆ అరుపుకి అందరూ తిరిగి చూశారు. ఎంత ప్రేమో చూడమని ఎవరో ఆడపిల్ల ముక్కు చీదింది. తిల్డె ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది.

"భయపడకు మామ్మా. ఎవర్నీ ఇక్కడ వదిలిపెట్టం."

ఫ్రోడె పార మళ్లీ దిగింది.

వెర్నర్ ఏ ఓడా ఎక్కలేదు, యాకుప్ కోసం ఈ గొయ్యి తవ్వడానికి దిగినవాడు అసలు పైకే రాలేదు.